అభ్యంతరం చెప్పేముందు నింపే పేజీ: ప్రాజెక్టు డైరీ

మా సాఫ్ట్‌వేర్ టీమ్ తీసుకున్న నిర్ణయం నచ్చనప్పుడు, ఎదురు చెప్పేముందు నింపుకునే ఒక పేజీ ఫారం తయారు చేశాం. మొదటి రెండు నమూనాలూ పనికి రాలేదు. మూడోది నడుస్తోంది. మీ టీమ్‌లో ఇలాంటిది పెట్టుకోవాలనుకుంటే మేం పడ్డ తిప్పలు మీరూ పడకుండా, ఏది ఎందుకు మార్చామో వరసగా రాస్తున్నాను. చివరి రూపం దశ 5లో ఉంది. తొందరలో ఉన్నవాళ్లు నేరుగా అక్కడికి వెళ్లొచ్చు, కానీ దశ 3 చదవకుండా మాత్రం ఫారం వాడకండి. అది తెలియకుండా వాడితే మేలు కన్నా కీడే ఎక్కువ.

దశ 1: పాత వాదనల లెక్క

ఫారం గీయక ముందే మీటింగ్ నోట్స్, చాట్, కోడ్ రివ్యూ వ్యాఖ్యలు తిరగేసి, కాస్త గట్టిగా నడిచిన వాదనలు 18 బయటికి తీశాం. ప్రతిదానికీ ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ఈ వాదన చివరికి ఎక్కడ తెగింది?

1. అభ్యంతరం చెప్పినవాళ్లకి తెలియని షరతు ఒకటి ముందే ఉంది. అది బయటపడగానే వాదన ఆగిపోయింది: 9
2. నిర్ణయం తీసుకున్నవాళ్లకే తెలియని విషయం బయటపడి, నిర్ణయం మారింది: 4
3. ఇద్దరికీ అన్నీ తెలుసు. ఏది ముఖ్యం అన్న దగ్గరే తేడా: 3
4. ఎలా తెగిందో ఎక్కడా రాసి లేదు: 2

మొదటి వరసలోని తొమ్మిదింటిలో ఆ షరతులు ఏమిటో విడిగా రాసుకున్నాం. ఇంకో టీమ్‌కి ఇచ్చిన మాట, బయటి సంస్థతో ఉన్న ఒప్పందం, గతంలో జరిగిన ఒక నష్టం, ఆ వారం చేతిలో ఉన్న మనుషులు. వీటిలో ఏదీ కోడ్ ఎంతసేపు చూసినా తెలిసేది కాదు. కోడ్ చదివి "ఇదేంటి ఇలా రాశారు" అనుకున్నవాళ్ల తప్పేం లేదు, వాళ్లకి కనిపించిన దాంట్లో ఆ సమాచారమే లేదు.

ఆ వాదనల భాషలో ఇంకోటి కూడా కనిపించింది. అవతలివాళ్ల నిర్ణయం గురించి రాసేటప్పుడు "తొందరపాటు", "పట్టించుకోలేదు" లాంటి మాటలు వచ్చేవి. సొంత నిర్ణయం గురించి అయితే "అప్పుడు వేరే దారి లేదు" అని రాసుకునేవాళ్లం. ఎదుటివాళ్లు చేసిన పనికి వాళ్ల స్వభావాన్ని కారణంగా చూసి, పరిస్థితిని తక్కువగా లెక్కగట్టే ఈ పోకడకి లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే ఒక పేరు పెట్టాడు. మా నోట్స్‌లో అది అడుగడుగునా ఉంది.

ఇప్పటిదాకా లెక్క: వాదనలు 18. సమాచారం తెలిస్తే తెగేవి 13. సమాచారంతో తెగనివి 3.

ఆ 3ని మర్చిపోవద్దు. అన్నీ తెలిశాక కూడా ఒప్పుకోలేకపోవడం అనేది ఉంటుంది, దానికి ఫారం మందు కాదు.

దశ 2: నమూనా 1, పదిహేడు ప్రశ్నలు

మొదటి ఫారంలో ప్రశ్నలు 17. అభ్యంతరం ఉన్నవాళ్లు వాటిని నిర్ణయం తీసుకున్నవాళ్లకి పంపాలి, వాళ్లు జవాబులు రాయాలి. "ఎందుకు ఈ పద్ధతి ఎంచుకున్నారు?", "వేరే మార్గాలు ఎందుకు వదిలేశారు?", "దీనివల్ల వచ్చే ఇబ్బందులు ఆలోచించారా?" ఇలా సాగింది.

మొదటిసారి వాడినప్పుడే తేలిపోయింది. ఫారం అందుకున్న ఆవిడ మా టీమ్‌లో అందరికన్నా ఓపికగా మాట్లాడే మనిషి. ఆవిడ రాసిన జవాబులు ఒక్కొక్కటీ ఒక్క లైను. పక్కన కూర్చుని అడిగితే, "అండీ, ఇది చదువుతుంటే నన్ను బోనులో నిలబెట్టినట్టుంది, తప్పు ఒప్పుకోమంటున్నారో వివరించమంటున్నారో అర్థం కాలేదు" అన్నారు. ఆవిడ చెప్పింది నిజం. "ఎందుకు" అని మొదలైన ప్రతి ప్రశ్నకీ వచ్చింది సమర్థన. మాకు కావలసింది పరిస్థితి.

రెండో లోపం: 17లో 11 ప్రశ్నలకి జవాబులు ఎక్కడో ఒకచోట ముందే రాసి ఉన్నాయి. వెతికే పని మనం చేయకుండా ఎదుటివాళ్ల నెత్తిన పెడుతున్నాం.

మార్పులు:

1. ముందు రికార్డు చదవాలి, తర్వాతే మనిషిని అడగాలి. రికార్డులో దొరికింది మళ్లీ అడగకూడదు.
2. "ఎందుకు" ప్రశ్నలన్నీ తీసేసి ఒకటే పెట్టాం: "ఆ రోజు మీ ముందు ఏమేం ఉన్నాయి? టైమ్, మనుషులు, ఒప్పందాలు, భయాలు?"
3. "భయాలు" అన్నది కావాలనే ఉంచాం. అధికారిక పత్రంలో ఎవరూ రాయనిది అదే, నిర్ణయాన్ని నడిపించేది చాలాసార్లు అదే.

రికార్డు చదవడంలో మాకు ఎదురైన ఒక సాంకేతిక చిక్కు గురించి చెప్పాలి, ఇది మీకూ తప్పకుండా తగులుతుంది. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే సాధనంలో, ఏ లైను ఎవరు, ఎప్పుడు మార్చారో చూడటానికి బ్లేమ్ అనే ఆదేశం నడిపితే, సగం ఫైళ్లలో ఒకే కమిట్ (ఒకసారి నమోదు చేసిన మార్పు) కనిపించింది. కోడ్ అంతటికీ ఒకేసారి ఫార్మాటర్ (కోడ్ రాసిన తీరుని ఒకేలా సర్దే సాధనం) తోలిన రోజు కమిట్ అది. అసలు కారణాలన్నీ దాని కింద పడిపోయాయి. గిట్ 2.23 (2019) నుంచి దీనికి విరుగుడు ఉంది. అలాంటి కమిట్ల ఐడీలు ఒక ఫైల్లో రాసి, బ్లేమ్‌కి 'ఇగ్నోర్ రెవ్స్ ఫైల్' ఆప్షన్‌తో ఇస్తే వాటిని దాటి వెనక్కి వెళ్తుంది. ఒక విలువో పేరో ఎప్పుడు వచ్చి చేరిందో తెలియాలంటే గిట్ లాగ్‌కి పెద్ద 'ఎస్' ఆప్షన్ ఇంకా మంచిది. ఆ మాట కోడ్‌లో ఎన్నిసార్లు ఉందన్న లెక్క మారిన కమిట్లనే అది చూపిస్తుంది.

ఇప్పటిదాకా లెక్క: ప్రశ్నలు 17 నుంచి 6కి తగ్గాయి. మనిషిని అడగాల్సినవి అందులో 2.

దశ 3: నమూనా 2, అభ్యంతరాలు తగ్గిపోయాయి

ఆరు ప్రశ్నల ఫారంతో పాటు ఒక నియమం పెట్టాం: ఆరూ పూర్తిగా నింపాకే మీటింగ్‌లో అభ్యంతరం చెప్పాలి. వాదనలు గబగబా తగ్గాయి. మీటింగ్‌లు ప్రశాంతంగా నడిచాయి. చూసినవాళ్లంతా బాగుందన్నారు.

కానీ తగ్గినవి ఎవరి అభ్యంతరాలో పేరుపేరునా చూస్తే సంగతి వేరు. టీమ్‌లో ఏళ్లుగా ఉన్నవాళ్లు ఫారాన్ని తేలిగ్గా నింపేస్తున్నారు, వాళ్లకి చరిత్ర తెలుసు. కొత్తవాళ్లూ టెస్టర్లూ నోరు మెదపడం మానేశారు. ఒక టెస్టర్ ఒక స్క్రీన్‌లో పాత కస్టమర్ల డేటా కొత్త కస్టమర్లకి కనబడుతున్నట్టు అనుమానించి, ఆ మాట చెప్పకుండా ఆగిపోయింది. "నాలుగో ప్రశ్నకి జవాబు దొరకలేదు, పూర్తిగా అర్థం చేసుకోకుండా చెప్పకూడదు కదా అనుకున్నాను" అంది. ఆ అమ్మాయి నియమాన్ని అక్షరాలా పాటించింది. నియమమే తప్పు.

దీని దగ్గర చాలాసేపు ఆగాం. "ముందు మొత్తం అర్థం చేసుకుని మాట్లాడు" అన్న మాట మంచి సలహా కావొచ్చు, ఎదుటివాళ్ల నోరు మూయించే సాధనమూ కావొచ్చు. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. సమాచారం ఎవరి దగ్గర ఎక్కువ ఉందో వాళ్లు ఆ మాట అంటే, సమాచారం ఇవ్వాల్సిన బాధ్యత కూడా వాళ్లమీదే ఉండాలి.

ఇక్కడ మేం కలిసి చదువుకున్న ఉదాహరణ చాలెంజర్ అంతరిక్ష నౌక. 1986 జనవరి 27 రాత్రి, ప్రయోగానికి ముందు, బూస్టర్ రాకెట్లు తయారు చేసిన సంస్థ ఇంజనీర్లు చలిలో ప్రయోగం వద్దని ఫోన్ సమావేశంలో గట్టిగా చెప్పారు. రాకెట్ భాగాల అతుకుల్లో ఉండే ఓ-రింగ్ అనే రబ్బరు వలయాలు చలికి బిగుసుకుపోయి, వేడి వాయువుల్ని ఆపలేకపోతాయన్నది వాళ్ల ఆందోళన. అప్పటిదాకా జరిగిన అతి చల్లని ప్రయోగంలో అతుకు ఉష్ణోగ్రత 53 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 12 సెల్సియస్. అంతకన్నా తక్కువలో వద్దన్నారు. పైవాళ్లు ఒప్పుకోలేదు. మర్నాడు నౌక బయల్దేరిన 73 సెకన్లకి విచ్ఛిన్నమై ఏడుగురూ చనిపోయారు.

ఆ తర్వాత అధ్యక్షుడు నియమించిన విచారణ సంఘం ఒక సంగతి ఎత్తి చూపింది. అంతకుముందు చర్చల్లో ఓ-రింగ్‌లు దెబ్బతిన్న ప్రయోగాల్నే ఉష్ణోగ్రతతో పోల్చి చూశారు. అలా చూస్తే వెచ్చని రోజుల్లోనూ దెబ్బతిన్నాయి, చల్లని రోజుల్లోనూ దెబ్బతిన్నాయి, సంబంధం తేలదు. ఏమీ కాని ప్రయోగాలు కూడా కలిపి చూస్తే కథ మారిపోతుంది. 66 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయోగాల్లో మూడింట్లోనే ఇబ్బంది. అంతకన్నా చల్లగా ఉన్న నాలుగింటికి నాలుగింట్లోనూ ఇబ్బంది.

మా టీమ్‌కి దీంట్లో రెండు పాఠాలు కనిపించాయి, రెండూ ఫారంలోకి వెళ్లాయి. పూర్తి పరిస్థితి చూడటం అంటే తగ్గిపోవడం కాదు. పూర్తి లెక్క చేతిలో ఉంటే అభ్యంతరానికి బలం పెరుగుతుంది, అందుకే "ఏమీ కాని సందర్భాలు" అని ఒక గడి చేర్చాం. రెండోది ఇంకా ముఖ్యం: ప్రాణానికి, డబ్బుకి, వ్యక్తిగత సమాచారానికి ముప్పు ఉన్నప్పుడు "నిరూపించాకే మాట్లాడు" అనే భారం హెచ్చరించేవాళ్లమీద పెట్టకూడదు. ఆ రాత్రి ఇంజనీర్ల చేతిలో పూర్తి చార్ట్ లేకపోయినా వాళ్ల మాట వినాల్సింది.

మార్పులు:

1. ఎర్ర గీత: భద్రత, డబ్బు, వ్యక్తిగత డేటా. వీటిలో ఏది తగిలినా ఫారం లేదు, ఏ టైమ్‌లోనైనా వెంటనే చెప్పాలి. "అనుమానం" అన్నా చాలు.
2. ఫారానికి సమయం హద్దు: వెనక్కి తీసుకోగలిగే నిర్ణయమైతే 30 నిమిషాలు. వెనక్కి తీసుకోలేనిదైతే 2 గంటలు. ఆ టైమ్ దాటితే ఎంత నిండితే అంతతోనే మాట్లాడొచ్చు.
3. ఖాళీ గడి అడ్డంకి కాదు. ఖాళీగా ఉన్న గడిని నిర్ణయం తీసుకున్నవాళ్లు నింపాలి.

ఇప్పటిదాకా లెక్క: నమూనాలు రెండు, రెండూ పక్కన పెట్టాం. ప్రశ్నలు 6. నియమాలు 3.

దశ 4: నమూనా 3ని నిజమైన గొడవ మీద వాడటం

దీన్ని నేనే వాడాను, అందుకే వివరంగా రాయగలను.

టీమ్ నిర్ణయం ఇది: చెల్లింపు కోసం బయటి గేట్‌వేకి (కస్టమర్ నుంచి డబ్బు తీసుకునే సేవ) పంపే రిక్వెస్ట్‌కి 30 సెకన్లలో జవాబు రాకపోతే మళ్లీ పంపకూడదు. ఆర్డర్‌ని పెండింగ్‌లో పెట్టాలి. 15 నిమిషాలకోసారి నడిచే జాబ్ ఒకటి గేట్‌వేని స్థితి అడిగి, ఆర్డర్‌ని పూర్తి చేయడమో రద్దు చేయడమో చేస్తుంది. నా అభ్యంతరం: జవాబు రానప్పుడు ఒకసారి మళ్లీ ప్రయత్నిస్తే సరిపోతుంది కదా, డబ్బు కట్టిన మనిషిని పావుగంట టెన్షన్‌లో ఎందుకు పెట్టాలి? నా బాధ ఎదురుచూపు గురించే, డబ్బుకి ముప్పు గురించి కాదు, కాబట్టి ఎర్ర గీత తగల్లేదు.

ఫారంలో మొదటి గడి: "ఈ నిర్ణయం ఎలా పని చేస్తుందో మీ సొంత మాటల్లో, అంచెలంచెలుగా రాయండి." ఈ గడి వెనక ఒక పరిశోధన ఉంది. 2002లో రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు పరిశోధకులు జిప్పు, ఫ్లష్ ట్యాంక్ లాంటి మామూలు వస్తువులు ఎలా పనిచేస్తాయో ఎంత తెలుసని మనుషుల్ని అడిగారు. తర్వాత వివరంగా రాయమన్నారు. రాసే ప్రయత్నం చేశాక, తమకు ఎంత తెలుసన్న అంచనాని వాళ్లే తగ్గించుకున్నారు. అందుకే అభిప్రాయం అడిగే ముందు వివరణ రాయిస్తున్నాం.

నేను రాసింది:

1. కస్టమర్ 'చెల్లించు' నొక్కుతాడు.
2. మా సర్వర్ గేట్‌వేకి పోస్ట్ రిక్వెస్ట్ పంపుతుంది.
3. 30 సెకన్లు ఎదురుచూస్తుంది.
4. జవాబు రాలేదు.

నాలుగో లైను దగ్గర పెన్ను ఆగింది. జవాబు రాలేదంటే ఏం జరిగినట్టు? రిక్వెస్ట్ అసలు అక్కడికి చేరలేదేమో. చేరి, అక్కడ విఫలమైందేమో. లేదా డబ్బు తెగిపోయి, ఆ కబురు తిరిగొచ్చే దారిలో పోయిందేమో. మా వైపు నుంచి చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. మూడోది అయిన పక్షంలో మళ్లీ పంపితే డబ్బు రెండోసారి తెగుతుంది. వెబ్ రిక్వెస్ట్‌లు నడిచే హెచ్‌టీటీపీ పద్ధతిలో పుట్, డిలీట్ అనే రకాల రిక్వెస్ట్‌లు ఎన్నిసార్లు పంపినా ఫలితం ఒకసారి పంపినట్టే ఉండాలన్నది ప్రమాణం. పోస్ట్‌కి ఆ హామీ లేదు. ఆ హామీ కావాలంటే రిక్వెస్ట్‌తో పాటు మారని ఒక ఐడెంపొటెన్సీ కీ పంపాలి, దాన్ని అవతలివాళ్లు గుర్తుపట్టి రెండోదాన్ని పక్కన పెట్టాలి. మేం వాడుతున్న గేట్‌వే డాక్యుమెంట్ తీశాను. మేం వాడే చెల్లింపు పద్ధతికి వాళ్లు ఆ కీ తీసుకోరు.

అంటే మళ్లీ పంపకూడదన్నది సరైన నిర్ణయమే. పాత నోట్స్‌లో రెండుసార్లు డబ్బు తెగిన సంఘటన కూడా ఒకటి దొరికింది, వాపసుకి పడ్డ తిప్పలతో సహా.

అక్కడితో ఫారం మూసేయొచ్చు. మూసేయలేదు, ఎందుకంటే ఫారంలో ఐదో గడి ఇంకా ఉంది: "ఏ ఒక్క విషయం మారి ఉంటే ఈ నిర్ణయం మారేది?" నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడి ఇదే. నిర్ణయం మొత్తం మంచిదా చెడ్డదా అన్న ప్రశ్న వదిలి, అది ఏ మేకుల మీద వేలాడుతోందో చూపిస్తుంది. ఇక్కడ మేకులు రెండు. మొదటిది, గేట్‌వే కీ తీసుకోదు. అది ఇప్పటికీ నిజమే. రెండోది, 15 నిమిషాలు. ఆ 15 ఎక్కడిది?

బ్లేమ్ ఫార్మాటర్ కమిట్ దగ్గరే ఆగింది. ఇగ్నోర్ ఫైల్‌తో వెనక్కి వెళ్తే అసలు కమిట్ దొరికింది. అందులో ఒకే లైను: స్థితి అడిగే కాల్స్‌కి గేట్‌వే పెట్టిన పరిమితి తక్కువ కాబట్టి 15. మళ్లీ డాక్యుమెంట్ చూశాను. ఆ పరిమితిని వాళ్లు తర్వాత బాగా పెంచారు. మా వాడకం ఇప్పుడు దానికి దరిదాపుల్లో కూడా లేదు.

లీడ్ గారి దగ్గరికి వెళ్లింది అప్పుడు. మళ్లీ పంపకపోవడం సరైనదేనని ముందే చెప్పాను, ఎందుకో ఆయన మాటల కన్నా వివరంగా చెప్పాను. ఆ తర్వాత 15 సంగతి. ఆయన డాక్యుమెంట్ చూసి, "ఆ లిమిట్ మారిందని నాకు తెలియదండీ. మార్చేద్దాం, కానీ గంటల తరబడి తేలని పెండింగ్‌లు కూడా ఉంటాయి, వాటిని నిమిషం నిమిషం అడగొద్దు" అన్నారు. ఆ ముక్క నాకు తట్టలేదు. మొదటి ఐదు నిమిషాలు నిమిషానికోసారి, ఆ తర్వాత పాత పద్ధతిలో 15కోసారి అని తేల్చాం.

కొలత:

- ముందు: గేట్‌వే దగ్గర ఫలితం సిద్ధంగా ఉన్నా కస్టమర్ ఎదురుచూపు గరిష్ఠంగా 15 నిమిషాలు, సగటున ఏడున్నర.
- తర్వాత: ఐదు నిమిషాల్లోపు తేలే వాటికి గరిష్ఠంగా 1 నిమిషం, సగటున అర నిమిషం.
- మారిన కోడ్: జాబ్ షెడ్యూల్, ఒక షరతు.

మొదట అనుకున్నట్టే మీటింగ్‌లో రిట్రై కోసం పట్టుబట్టి ఉంటే, అది వీగిపోయేది. దానితో పాటు 15 సంగతి కూడా ఎవరి కంటా పడకుండా పోయేది. కస్టమర్ ఎదురుచూపు గురించిన ఆందోళన మాత్రం మొదటినుంచీ న్యాయమైనదే. అది దిగాల్సిన చోటు వేరే ఉంది, అంతే.

దశ 5: ఇప్పుడు వాడుతున్న ఫారం

కాపీ చేసుకోండి.

0. ఎర్ర గీత తగిలిందా? భద్రత, డబ్బు, వ్యక్తిగత డేటా. తగిలితే ఇక్కడే ఆపి ఇప్పుడే చెప్పండి.
1. నిర్ణయం ఎలా పని చేస్తుందో మీ మాటల్లో, అంచెలంచెలుగా.
2. రికార్డులో దొరికిన కారణాలు. ఎక్కడ దొరికాయో కూడా.
3. ఇబ్బంది వచ్చిన సందర్భాలు, ఏమీ కాని సందర్భాలు. రెండూ.
4. "ఆ రోజు మీ ముందు ఏమేం ఉన్నాయి?" ఇది మనిషిని అడగాలి, వీలైతే ఎదురుగా.
5. ఏ ఒక్క విషయం మారి ఉంటే నిర్ణయం మారేది? ఆ విషయం ఇప్పటికీ నిజమేనా?
6. ఇప్పుడు మీ అభ్యంతరం ఒక్క వాక్యంలో.

నాలుగో గడి చాట్‌లో అడిగితే పని జరగదు. ఎదురుగా కూర్చుంటేనే "అప్పట్లో ఇద్దరు మానేశారండీ, ఎవరూ లేరు" లాంటి మాట వస్తుంది. ఒకటో గడిని నిర్ణయం తీసుకున్నవాళ్లకి చూపించి "మీ ఉద్దేశం ఇదేనా?" అని అడగడం కూడా మంచిది. వాళ్లు "అవును, సరిగ్గా ఇదే" అనేదాకా ఆరో గడి రాయొద్దు.

దశ 6: ఫారం తర్వాత కూడా తెగనివి

దశ 1లో ప్రాధాన్యాల దగ్గర తేడా వచ్చిన 3 గుర్తున్నాయి కదా. అలాంటివి వస్తూనే ఉన్నాయి, వస్తాయి. వాటికి ఫారం కన్నా నిర్ణయాల చిట్టా ఎక్కువ పనికొస్తోంది. మైకేల్ నైగార్డ్ 2011లో సూచించిన పద్ధతినే తీసుకున్నాం: ప్రతి పెద్ద నిర్ణయానికీ చిన్న పత్రం, అందులో శీర్షిక, స్థితి, సందర్భం, నిర్ణయం, పర్యవసానాలు. మేం రెండు చేర్చాం. ఒకటి "విభేదించినవారి మాట", వాళ్లే రాయాలి, ఇంకొకరు కుదించకూడదు. రెండోది "మళ్లీ చూడాల్సిన తేదీ లేదా గుర్తు". గుర్తు అంటే ఐదో గడిలో తేలిన విషయం. అది మారిన రోజు, ఎవరూ గొడవ పెట్టకపోయినా పత్రం మళ్లీ తెరవాలి.

విభేదం రాసిపెట్టాక పని మాత్రం టీమ్ నిర్ణయం ప్రకారమే చేస్తాం, చేతులు ముడుచుకుని కాదు. రాసి ఉందన్న ధైర్యంతో అది తేలికవుతోంది.

ఇప్పటిదాకా లెక్క: చిట్టాలో నిర్ణయాలు 11. విభేదం నమోదైనవి 4. గుర్తు మారి తిరిగి తెరిచినవి 1.

మిగిలిన పనులు:

1. పాత నిర్ణయాల్లో సందర్భం రాసి లేనివి చాలా ఉన్నాయి. ఆనాటివాళ్లు టీమ్ వదిలి వెళ్లకముందే అడిగి రాయించాలి.
2. గేట్‌వే పత్రంలో గుర్తు: ఐడెంపొటెన్సీ కీ. డాక్యుమెంట్ మార్పుల పేజీని చూసే బాధ్యత ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.
3. సున్నా గడిలో "అనుమానం" అని రాసినవాళ్లకి ఎంతసేపట్లో జవాబు ఇవ్వాలో తేల్చలేదు. డేటా సంగతి అనుమానించిన ఆ టెస్టర్‌నే ఆ హద్దు ప్రతిపాదించమన్నాం. "అదే రోజు సాయంత్రంలోపు" అని రాసి పంపింది. వచ్చే మీటింగ్‌లో మొదటి అంశం అదే.